ఇంటి పెరట్లో తేనెటీగల పెట్టె: మనం నేర్చుకోవడం ఎలా? పిల్లలకు నేర్పడం ఎలా?

"పిల్లలున్న ఇంట్లో ఎవరైనా ఈగలను పెంచుతారా?" మా ఇంటికి వచ్చిన ప్రతి చుట్టం అడిగే మొదటి ప్రశ్న ఇదే. రెండో ప్రశ్న, "ఒక సీసా తేనె ఇస్తావా?" ఈ రెండు ప్రశ్నల మధ్య ఉన్న పనంతా ఏమిటో చెప్పడానికే ఈ వ్యాసం.

మాది నల్గొండ జిల్లాలో ఒక పల్లె. చుట్టూ బత్తాయి తోటలు, పత్తి చేలు. మా వారు దమ్మామ్‌లో పని చేస్తారు. ఇంట్లో నేను, అత్తమ్మ, ఎనిమిదో తరగతి చదివే కూతురు, నాలుగో తరగతి కొడుకు. పెరట్లో వేపచెట్టు కింద ఇప్పుడు నాలుగు తేనెటీగల పెట్టెలున్నాయి. ఐదేళ్ల కింద ఒకటే ఉండేది. అది కూడా రెండు నెలలకే ఖాళీ అయింది. ఎందుకు ఖాళీ అయిందో ముందు ముందు చెబుతాను. ఎందుకంటే కొత్తగా మొదలుపెట్టే చాలామంది చేసే తప్పు అదే.

ఖుర్‌ఆన్‌లో 16వ సూరా పేరు అన్-నహ్ల్, అంటే తేనెటీగ. ఆ సూరా 68, 69 ఆయతుల్లో తేనెటీగ కొండల్లో, చెట్లలో, మనుషులు కట్టే వాటిలో ఇళ్లు చేసుకోవడం గురించి, రకరకాల రంగుల్లో వచ్చే దాని పానీయం గురించి ఉంది. చిన్నప్పుడు మదర్సాలో చదివినప్పుడు రంగుల మాట నాకు అర్థం కాలేదు. మా పెట్టెల్లో బత్తాయి పూత సమయంలో లేత రంగు తేనె, వేరే పూతల్లో ముదురు రంగు తేనె చూశాక అర్థమైంది.

ఏ ఈగను పెంచాలి?

మన దగ్గర కనిపించే తేనెటీగలన్నీ పెంచడానికి పనికిరావు. పెద్ద మర్రిచెట్లకు, నీళ్ల ట్యాంకులకు, పెద్ద భవనాలకు వేలాడే పెద్ద పట్టు కొండ తేనెటీగలది. వాటికి కోపం ఎక్కువ. పెట్టెలో ఉండవు. వాటి జోలికి పోవద్దు. పొదల్లో అరచేతి అంత చిన్న పట్టు పెట్టే చిన్న ఈగలు కూడా పెట్టెలో నిలవవు.

పెట్టెలో పెరిగేవి ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి మన దేశపు పుట్ట తేనెటీగ. ఇది పుట్టల్లో, చెట్టు తొర్రల్లో, పాత గోడల సందుల్లో చీకట్లో వరుసగా పట్లు కడుతుంది. రెండోది ఇటాలియన్ తేనెటీగ. ఇది తేనె ఎక్కువ ఇస్తుంది కానీ దానికి పూలు కూడా ఎక్కువ కావాలి. అందుకే దాన్ని పెంచేవాళ్లు పూత ఉన్న చోటికల్లా పెట్టెలను లారీల్లో తిప్పుతుంటారు. ఇంటి దగ్గర ఒకటి రెండు పెట్టెలు పెట్టుకునే కుటుంబానికి పుట్ట తేనెటీగే నయం. ఇటాలియన్ ఈగల పెట్టె పాతిక కిలోల పైన ఇస్తే, దీని పెట్టె మంచి ఏడాదిలో ఐదు నుంచి పది కిలోలు ఇస్తుంది. ఇంటి వాడకానికి పోను కొంత అమ్ముకోవచ్చు.

పెట్టె లోపల ఏం జరుగుతుంది?

పెట్టెలో రెండు అంతస్తులుంటాయి. కింద పిల్లల గది. అక్కడ రాణి ఈగ గుడ్లు పెడుతుంది. పైన తేనె గది. మనం తీసుకునేది పై గదిలోని తేనె మాత్రమే. కిందది ఈగల సొంతం. లోపల చెక్క ఫ్రేమ్‌లు వేలాడుతుంటాయి. ఒక్కో ఫ్రేమ్‌కు ఒక్కో పట్టు కడతాయి.

ఈ ఫ్రేమ్‌ల వెనక ఒక చిన్న రహస్యం ఉంది. 1851లో అమెరికాలో లాంగ్‌స్ట్రాత్ అనే ఆయన ఒక విషయం గమనించాడు. ఈగలు తిరగడానికి సుమారు 9 మిల్లీమీటర్ల సందు వదిలితే ఆ సందును అవి మూసేయవు. అంతకన్నా తక్కువైతే జిగురుతో అతికిస్తాయి, ఎక్కువైతే అక్కడ ఇంకో పట్టు కడతాయి. ఆ లెక్కతో చేసిన పెట్టె వచ్చాకే పట్టును కోయకుండా, ఈగలను చంపకుండా ఫ్రేమ్ పైకి తీసి చూడటం సులువైంది. మన పుట్ట తేనెటీగ చిన్నది కాబట్టి దానికి కొలతలు తగ్గుతాయి. అందుకే ఊళ్లో వడ్రంగితో చేయించుకునేవాళ్లు ఒక మంచి పెట్టెను ముందు పెట్టుకుని కొలతలు తీయించాలి. అంగుళంలో పావు వంతు తేడా వచ్చినా పట్లన్నీ అతుక్కుపోతాయి.

ఒక పెట్టెలో ఒకటే రాణి. వేలల్లో కూలి ఈగలు, అవన్నీ ఆడవే. కొన్ని వందల పోతుటీగలు. గుడ్డు పెట్టిన రోజు నుంచి రాణి తయారవడానికి దాదాపు 16 రోజులు, కూలి ఈగకు 20, 21 రోజులు, పోతుటీగకు 24 రోజులు పడుతుంది. గుడ్డు మూడు రోజులు గుడ్డుగానే ఉంటుంది. ఇది గుర్తుపెట్టుకోండి, చాలా పనికొస్తుంది. రాణిని వెతికి పట్టుకోవడం కొత్తవాళ్లకు కష్టం. పట్టు గదుల అడుగున బియ్యపు నూక లాగా తెల్లగా నిలబడిన గుడ్లు కనిపిస్తే చాలు, మూడు రోజుల లోపల రాణి అక్కడ తిరిగిందని అర్థం. ఇక వెతకక్కర్లేదు, మూత పెట్టేయొచ్చు.

ఎక్కడ పెట్టాలి, ఎప్పుడు మొదలుపెట్టాలి?

వానలు తగ్గాక అక్టోబర్, నవంబర్ నెలల్లో మొదలుపెడితే మంచిది. అప్పటి నుంచి ఒకదాని తర్వాత ఒకటి పూతలు వస్తాయి. రేగు, నువ్వులు, పొద్దుతిరుగుడు, ధనియాలు, బత్తాయి, మునగ, వేప, కానుగ, చింత. మీ ఊళ్లో ఏ నెలలో ఏది పూస్తుందో ఒక కాగితం మీద రాసుకోండి. ఆ కాగితం ఖాళీగా ఉన్న నెలల్లో ఈగలకు ఆకలి.

గల్ఫ్ నుంచి వచ్చేవాళ్లు ఎంతో ధర పెట్టి సిద్ర్ తేనె తెస్తుంటారు కదా. ఆ సిద్ర్ చెట్టు మన రేగు చెట్టుకు దగ్గరి చుట్టమే, రెండూ ఒకే జాతివి. మా వారు మొదటిసారి ఫోన్‌లో ఈ మాట విని నవ్వారు. ఇప్పుడు సెలవుకు వచ్చినప్పుడల్లా చేను గట్టున రేగు కొమ్మ నరకనివ్వరు.

పెట్టెకు మధ్యాహ్నం నీడ ఉండాలి. వాకిలి తూర్పు వైపు ఉంటే పొద్దుటి ఎండకు ఈగలు తొందరగా పనిలోకి దిగుతాయి. ఈగలు ఎగిరే దారికి అడ్డంగా మనుషులు నడిచే బాట, బట్టలు ఆరేసే తీగ, పశువుల కొట్టం ఉండొద్దు. పెట్టెను నాలుగు కాళ్ల స్టాండ్ మీద పెట్టి, ఒక్కో కాలు కింద నీళ్ల గిన్నె పెట్టాలి. చీమలు ఎక్కకుండా ఇదే మందు. దగ్గర్లో ఒక పళ్లెంలో గులకరాళ్లు వేసి నీళ్లు పోసి ఉంచాలి. లేదంటే అవి మీ పక్కింటి బోరింగు దగ్గరికి వెళ్తాయి, తగాదా అక్కడ మొదలవుతుంది.

మొదటి పెట్టె ఎందుకు పోయింది?

నాకు ఈ పని నేర్పింది మా మామూ. ఆయన చిన్నప్పుడు పుట్టల్లో తేనె తీసేవారు. రాత్రి పూట మంట పెట్టి, ఈగలను తరిమి, పట్టును పిల్లలతో సహా పిండేవారు. "ఒక్క పూట తేనె కోసం ఒక ఊరిని తగలబెట్టినట్టు చేసేవాళ్లం బేటీ" అని తర్వాత బాధపడేవారు. శిక్షణ తీసుకుని పెట్టెలకు మారాక నాకు ఒకటి ఇచ్చారు.

నేను ఆ పెట్టెను రోజూ తెరిచాను. ఈగలు ఏం చేస్తున్నాయో చూడాలని ఆశ. చుట్టాలొస్తే తెరిచి చూపించాను. పైగా ఎండాకాలం మొదలైంది, పూలు తగ్గాయి. ఒక రోజు పొద్దున చూస్తే పెట్టెలో మైనం తప్ప ఏమీ లేదు. పుట్ట తేనెటీగ గుణమే అది. తిండి లేకపోయినా, చీమలు పట్టినా, మైనపు పురుగు చేరినా, ఎండ కొట్టినా, ఊరికే కదిలించినా రాణితో సహా ఇల్లు వదిలి వెళ్లిపోతుంది. మామూ ఫోన్‌లో ఒకటే అడిగారు. "అన్నం తినే ఇంటి తలుపు ఎవరైనా రోజుకు రెండుసార్లు పీకితే నువ్వుంటావా?"

అప్పటి నుంచి మా లెక్క ఇది. ఎనిమిది, పది రోజులకు ఒకసారి తెరుస్తాం. వాన, గాలి లేని రోజు ఉదయం ఎండ వచ్చాక తెరుస్తాం. పది నిమిషాలకు మించం. చూసేవి నాలుగే: గుడ్లు ఉన్నాయా, తేనె, పుప్పొడి సరిపడా ఉన్నాయా, మైనపు పురుగు గూళ్లు, చీమలు ఉన్నాయా, కొత్త రాణి గది కడుతున్నాయా. రాణి గది వేలాడుతూ కనిపిస్తే గుంపు రెండుగా విడిపోయే అవకాశం ఉందని అర్థం.

పూలు లేని రోజుల్లో చక్కెర, నీళ్లు సమానంగా కలిపి, సాయంత్రం పూట పెట్టె లోపల పెట్టాలి. బయట ఒక్క చుక్క పడొద్దు. వాసనకు వేరే గుంపు ఈగలు, చీమలు దోపిడీకి వస్తాయి. ఇంకో ముఖ్యమైన మాట. చక్కెర నీళ్లు పెట్టేటప్పుడు పై తేనె గది ఉంచకూడదు. ఉంచితే ఆ చక్కెరే పట్టులో నిండుతుంది, దాన్ని తేనె అని అమ్మితే అది కల్తీ. ఈగలు చేసిన కల్తీ అని తప్పించుకోలేం. పూత మొదలయ్యాక చక్కెర ఆపి, అప్పుడే పై గది పెట్టాలి.

కుట్టకుండా ఏం చేయాలి, కుడితే ఏం చేయాలి?

ముఖానికి జాలీ, చేతులకు గ్లౌజులు, లేత రంగు బట్టలు. నల్ల రంగు చూస్తే ఈగలకు చిరాకు. అందుకే నల్ల బురఖాతో పెట్టె దగ్గరికి వెళ్లొద్దు. తెల్ల దుపట్టా చుట్టుకుని పైన జాలీ వేసుకుంటే సరిపోతుంది. ఘాటైన వాసనలు కూడా పడవు. జుమా రోజు అత్తర్ పూసుకున్నవాళ్లను ఆ పూట దూరంగా ఉంచండి. అరటిపండు తిని కూడా వెళ్లొద్దని పెంపకందారులు చెబుతారు. ఈగ కుట్టినప్పుడు మిగతావాటిని పిలవడానికి వదిలే వాసన, అరటిపండు వాసన ఒకలాగే ఉంటాయి.

పొగ డబ్బాలో ఎండిన పిడక, కొబ్బరి పీచు వేసి చల్లని పొగ రెండు మూడుసార్లు వదలాలి. పొగకు ఆ హెచ్చరిక వాసన మరుగున పడుతుంది. ఇల్లు వదలాల్సి వస్తుందేమోనని ఈగలు తేనె తాగే పనిలో పడతాయి. ఎక్కువ పొగ పెడితే తేనెకు ఆ వాసన పడుతుంది.

కూలి ఈగ ముల్లుకు కొక్కేలుంటాయి. కుట్టాక ముల్లు చర్మంలోనే ఉండిపోతుంది, ఇంకా విషం వదులుతూనే ఉంటుంది. కాబట్టి గోరుతో అయినా సరే వెంటనే గీకి తీసేయాలి. సబ్బుతో కడిగి, చల్లటి గుడ్డ పెట్టాలి. కుట్టిన చోట వాపు, నొప్పి మామూలే. కానీ ఒళ్లంతా దద్దుర్లు, పెదవులు, నాలుక వాయడం, ఊపిరి అందకపోవడం, కళ్లు తిరగడం వస్తే ఇంటి వైద్యం చేస్తూ కూర్చోవద్దు. వెంటనే 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఇంట్లో ఇంతకుముందు ఎవరికైనా ఇలా జరిగి ఉంటే, డాక్టర్‌ను అడగకుండా పెట్టె పెట్టొద్దు.

పక్క చేను మందు

మూడో ఏడు ఒక సెప్టెంబర్ ఉదయం మా వాకిట్లో పెట్టె ముందు చచ్చిన ఈగలు చీపురుతో ఊడ్చేంత పడి ఉన్నాయి. కొన్ని నేల మీద గిరగిరా తిరుగుతున్నాయి. మా పాప ఏడ్చింది. పక్క పత్తి చేనులో ముందు రోజు పొద్దున మందు కొట్టారని తర్వాత తెలిసింది.

నాకు కోపం వచ్చింది. అత్తమ్మ ఆపారు. సాయంత్రం ఇద్దరం కలిసి ఆ చేను మామ ఇంటికి వెళ్లాం. "మందు కొట్టకుంటే పత్తి నిలుస్తదా బిడ్డా, నీ ఈగల కోసం నేను అప్పుల పాలు కావాల్నా?" అన్నాడాయన. అది నిజమే కదా. మేము అడిగింది మందు ఆపమని కాదు. కొట్టే ముందు రోజు ఒక మాట చెప్పమని, వీలైతే పొద్దుగూకాక కొట్టమని అడిగాం. పొద్దున పూట పూల మీద ఈగలుంటాయి. చీకటి పడ్డాక అన్నీ పెట్టెలో ఉంటాయి.

ఇప్పుడు ఆయన ఫోన్ చేస్తాడు. ఆ రాత్రి ఈగలన్నీ లోపలికి వచ్చాక వాకిలికి సన్న జాలీ కడతాం, గాలి ఆడాలి కాబట్టి చెక్కతో మూయం. పైన తడి గోనెసంచి కప్పుతాం. మరుసటి రోజు మధ్యాహ్నానికి మించి మూసి ఉంచం. ఎండలో మూసిన పెట్టెలో ఈగలు ఉడికిపోతాయి. ఆ మామ చేను గట్టున బీర, గుమ్మడి పాదులున్నాయి. వాటి ఆడపూలు కాయ కట్టాలంటే మగపూల పుప్పొడి చేరాలి. ఆ పని ఎక్కువగా ఈగలదే. ఈ సంగతి మా పాప సైన్స్ పుస్తకం తీసి ఆయనకు చూపించింది. ప్రతి ఏడాది మొదటి సీసా ఆయన ఇంటికే వెళ్తుంది.

తేనె తీయడం, దాచడం

పట్టులో నాలుగింట మూడు వంతుల గదులకు మైనపు మూత పడ్డాకే ఫ్రేమ్ తీయాలి. మూత పడని తేనెలో నీళ్ల శాతం ఎక్కువ, పులుస్తుంది. తేనెలో తేమ 20 శాతం దాటకూడదన్నది మన దేశపు ప్రమాణం. మూతలను కత్తితో పలచగా తీసి, తిప్పే డ్రమ్ములో పెట్టి తిప్పితే తేనె గోడకు చిమ్ముతుంది, పట్టు చెక్కుచెదరదు. ఖాళీ పట్టును తిరిగి పెట్టెలో పెడితే ఈగలకు మళ్లీ మైనం చేసే శ్రమ తప్పుతుంది. తేనెను పలచటి నూలు గుడ్డలో వడగట్టి, తడి లేని గాజు సీసాల్లో పోయాలి.

సీసాలో గడ్డకడితే కల్తీ అనుకుంటారు. కాదు. పొద్దుతిరుగుడు తేనె తొందరగా గడ్డకడుతుంది. గోరువెచ్చని నీళ్లలో సీసా పెడితే కరుగుతుంది. అలాగే నీళ్లలో చుక్క వేసి, అగ్గిపుల్ల వెలిగించి చేసే ఇంటి పరీక్షలతో కల్తీ తెలియదు. 2020 డిసెంబర్‌లో ఢిల్లీలోని సీఎస్‌ఈ సంస్థ, మామూలు ల్యాబ్ పరీక్షలకు కూడా దొరకని చక్కెర పాకాలు తేనెలో కలుపుతున్నారని బయటపెట్టింది. మీకు తేనె ఇచ్చే మనిషి, అతని పెట్టెలు మీ కళ్లకు కనబడటమే అన్నింటికన్నా నమ్మకం.

ఇంట్లో పెద్దవాళ్లకు చెప్పాల్సినవి రెండున్నాయి. మొదటిది, పుట్టిన బిడ్డ నాలుకకు తేనె రాసే అలవాటు. ఏడాది నిండని పిల్లలకు తేనె ఒక్క చుక్క కూడా వద్దు. తేనెలో ఉండగల బొటులినం అనే సూక్ష్మజీవి బీజాలు పసిపిల్లల పేగుల్లో పెరిగి విషం వదులుతాయి, కండరాలు చచ్చుబడతాయి. తేనె ఎంత స్వచ్ఛమైనదైనా, వేడి చేసినా ఈ భయం పోదు. తహ్నీక్ చేయాలనుకునేవాళ్లు ఖర్జూరం గురించి డాక్టర్‌తో మాట్లాడి చేసుకోవచ్చు. మా ఖాలా మనవడి విషయంలో ఈ మాట చెప్పడానికి నాకు కొంచెం ధైర్యం కావాల్సి వచ్చింది. తేనె ఇంటి మనిషినే వద్దంటోందని ఆమె ఆశ్చర్యపోయారు, తర్వాత విన్నారు. రెండోది, షుగర్ ఉన్నవాళ్లకు తేనె కూడా చక్కెరే. డాక్టర్ చెప్పిన లెక్క దాటొద్దు.

పిల్లలకు నేర్పడం

మా పాపకు మొదటి మూడు నెలలు పెట్టె ముట్టుకోనివ్వలేదు. రోజూ పది నిమిషాలు పక్కన కూర్చుని వాకిలి చూడటమే పని. కాళ్లకు పసుపు, నారింజ రంగు పుప్పొడి ముద్దలతో ఎన్ని వస్తున్నాయో లెక్కపెట్టి నోట్‌బుక్‌లో రాయాలి. పుప్పొడి బాగా వస్తుంటే లోపల సాధారణంగా పిల్లలు పెరుగుతున్నాయని అర్థం. పెట్టె తెరవకుండానే సగం సంగతి తెలిసిపోతుంది. పూలు ఎక్కడున్నాయో ఈగ నాట్యం చేసి మిగతావాటికి చెబుతుందని కనిపెట్టిన కార్ల్ వాన్ ఫ్రిష్‌కు 1973లో నోబెల్ బహుమతిలో భాగం దక్కిందని చెబితే, తమ్ముడు కూడా వచ్చి కూర్చున్నాడు.

తర్వాత పొగ డబ్బా పట్టుకోవడం, ఆ తర్వాత ఖాళీ ఫ్రేమ్‌తో చేయి ఆడించడం, చివరికి ఈగలున్న ఫ్రేమ్ ఎత్తడం నేర్పాను. విసురుగా కదిలితే కుడతాయని మాటలతో చెబితే పిల్లలకు ఎక్కదు. నెమ్మదిగా తీసినప్పుడు కుట్టకపోవడం చూస్తే ఎక్కుతుంది. మా పాపకు రెండుసార్లు కుట్టాయి. రెండుసార్లూ తొందరపడ్డానని తనే రాసుకుంది.

మీరు మొదలుపెట్టాలనుకుంటే ముందు మీ జిల్లాలోని కృషి విజ్ఞాన కేంద్రానికి వెళ్లి అడగండి. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని ఎన్‌ఐపీహెచ్‌ఎం, ఖాదీ గ్రామోద్యోగ కమిషన్ కూడా ఈ శిక్షణ ఇస్తుంటాయి. ఖాదీ కమిషన్ 2017లో మొదలుపెట్టిన హనీ మిషన్ కింద పెట్టెలు కూడా ఇస్తుంది. మీ దగ్గర ఇప్పుడు ఏం నడుస్తోందో వెళ్లి కనుక్కోండి. అమ్మాలనుకుంటే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ తీసుకోవాలి. మొదట ఒకటి కాదు, రెండు పెట్టెలు తీసుకోండి. ఒకటి బలహీనపడితే రెండోదాని నుంచి పిల్లల ఫ్రేమ్ ఇచ్చి నిలబెట్టొచ్చు. మొదటి ఏడాది తేనె మీద ఆశ పెట్టుకోవద్దు, ఈగలు నిలిస్తే చాలు.

గత ఏడాది మా పాప, ఇంకో వీధిలో ఉండే ఇద్దరు ఆడపిల్లలకు వాకిలి లెక్క నేర్పింది. వాళ్ల అమ్మలు ఇప్పుడు పెట్టె అడుగుతున్నారు. ఈ చలికాలం మా నాలుగింటిలో బలంగా ఉన్న దాన్ని రెండుగా విడదీసి ఒకటి వాళ్లకు ఇవ్వాలని అనుకున్నాం. మామూ ఇప్పుడు లేరు. ఆయన నాకు ఇచ్చింది కూడా అలా విడదీసిన పెట్టే. ఈసారి విడదీసేది నేను కాదు, పాప. నేను పక్కన పొగ డబ్బా పట్టుకుని నిలబడతాను, ఇన్షాఅల్లాహ్.